మరణించిన వ్యక్తితో సంబంధం: తనే

కరోనాకు ముందరి ఏడాది వేసవి బదిలీలలో నన్ను ఒక చిన్న పురపాలక సంఘానికి శానిటరీ ఇన్‌స్పెక్టరుగా వేశారు. ఊరి పేరు రాయను. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల మధ్య తిరిగే బస్సులు ఆగే ఊరు, అంతవరకు చాలు. శానిటరీ ఇన్‌స్పెక్టరు అంటే కాలువలు, చెత్తబండ్లు, దోమల మందు అనుకుంటారు జనం. అవి ఎలాగూ ఉంటాయి. వాటితోబాటు జనన మరణాల రిజిస్టర్లు కూడా మా నెత్తినే ఉండేవి. రిజిస్ట్రారు హోదా కమిషనరుగారిది. ఆయన రాతపూర్వకంగా అధికారం ఇచ్చాక రోజువారీ సంతకం నాది. ఊళ్ళో ఎవరు పోయినా నా సంతకం పడితేనే ప్రభుత్వానికి తెలిసినట్టు.

ఇంట్లో జరిగిన మరణాన్ని నమోదు చెయ్యాలంటే ఒక పద్ధతి ఉంది. ఇంటివాళ్ళు ఫారం నింపి ఇవ్వాలి. అందులో పోయినవారి పేరు, తండ్రి పేరు, స్థలం, కారణం అని గళ్ళుంటాయి. కింద సమాచారం ఇచ్చిన వ్యక్తి పేరు, మరణించిన వ్యక్తితో అతని సంబంధం రాయాలి. శ్మశానం రసీదు జతచెయ్యాలి. వార్డు కార్యదర్శి వెళ్ళి విచారించి సరేననాలి. ఆపరేటరు దాన్ని కంప్యూటరులోకి ఎక్కిస్తే, చివరగా నేను చదివి డిజిటల్ సంతకం పెట్టాలి. ఆ సంతకానికి వేలెడంత డాంగిల్ ఇచ్చారు. కంప్యూటరుకు గుచ్చి రహస్య అంకె కొడితే సంతకం పడిపోతుంది. దాన్ని ఎవరి చేతికీ ఇవ్వనని, అంకె ఎవరికీ చెప్పనని ఇచ్చిననాడే నా చేత రాయించుకున్నారు.

కరోనా రెండో విడతలో నేను ఆఫీసులో కూర్చున్నది లేదు. పొద్దున వెళ్తే పొద్దుగూకే దాకా శ్మశానంలోనే. సర్టిఫికెట్ల కోసం జనం ఆఫీసు ముందు బారులు తీరారు. డాంగిల్ తీసి సుజాత చేతిలో పెట్టి అంకె చెప్పాను. సుజాత మా ఔట్‌సోర్సింగ్ ఆపరేటరు, ఇద్దరు పిల్లల తల్లి, పనిమంతురాలు. ఆ నెలల్లో అలా ఇవ్వడం తప్పని ఇప్పటికీ ఒప్పుకోను. ఊళ్ళో జబ్బు తగ్గి నేను కుర్చీలోకి తిరిగొచ్చాక కూడా దాన్ని వెనక్కి తీసుకోలేదు. సుఖం మరిగాను, అంతే.

మరుసటి ఏడాది, అర్జీలు తీసుకునే ఒక సోమవారం, యాభై ఏళ్ళ ఆవిడ ఒక పొడుగాటి కుర్రాణ్ణి రెక్క పట్టుకుని నా బల్ల ముందుకు లాక్కొచ్చింది. పేరు అన్నపూర్ణమ్మ. ఆ కుర్రాడికి నల్ల చొక్కా, నల్ల ప్యాంటు, కళ్ళకు కాటుక, వేళ్ళకు పుర్రె బొమ్మల ఉంగరాలు. నాటకాల కంపెనీ నుంచి తప్పించుకొచ్చినవాడేమో అనుకున్నాను.

"సార్, వీడు నా కొడుకు భార్గవ. ఈడ నిలబడుండేది మీకు కనపడతాండాడా?" అని అడిగింది.

కనపడుతున్నాడన్నాను.

"అయితే వీడు చచ్చిపోయినాడని మీరెట్ల రాసిచ్చినారు?"

ఆవిడ రెండు కాగితాలు బల్ల మీద పెట్టింది. ఒకటి భార్గవ పేరున మరణ ధ్రువీకరణ పత్రం, కింద నా సంతకం. రెండోది విద్యాశాఖ ఆఫీసు నుంచి వచ్చిన మెమో. ఆవిడ భర్త సర్కారు బడిలో అయ్యవారు, రెండో విడతలో పోయాడు. సర్వీసులో ఉండగా పోయినవాళ్ళ ఇంట్లో ఒకరికి ఉద్యోగం ఇస్తారు, కారుణ్య నియామకం అంటారు. ఆ జాబితాలో భార్గవ పేరు ఉంది. వంతు దగ్గరికి వచ్చాక ఎవరో ఆధార్ నంబరు కొట్టి చూశారు. అభ్యర్థి మరణించినందున ఫైలు మూసివేయడమైనదని మెమో. ఆ ఇంటికి వేరే ఆధారం లేదు, ఇంకో కొడుకూ లేడు.

అంతటితో అయిపోలేదు. ఆ సర్టిఫికెట్టు ఫోన్లలో తిరిగి తిరిగి పులివెందులలో ఉన్న భార్గవ అవ్వకు చేరింది. ఆమె, ఇంటివాళ్ళు జీపు కట్టించుకుని ఏడ్చుకుంటూ వచ్చారు. తలుపు తీసింది భార్గవే. అవ్వ వాణ్ణి చూసి గడపలోనే కూలబడింది, తర్వాత లేచి చెప్పు తీసుకుంది. ఆ మాట చెప్పేటప్పుడు అన్నపూర్ణమ్మ నవ్వలేదు, నేనూ నవ్వలేదు.

అసలు దరఖాస్తు తెప్పించాను. చదువుతుంటే అరికాలి మంట నెత్తికెక్కింది. పోయినవారి పేరు భార్గవ. మరణ కారణం అన్న గడిలో "పుట్టడం" అని రాసుంది. సమాచారం ఇచ్చిన వ్యక్తి పేరు కూడా భార్గవే. మరణించిన వ్యక్తితో సంబంధం అన్నచోట "తనే" అని గుండ్రటి అక్షరాలతో రాసి కింద సంతకం చేశాడు. శ్మశానం రసీదుకు బదులు ఒక నల్ల కరపత్రం జతచేశాడు. దాని మీద జమ్మలమడుగులో ఒక కల్యాణ మండపం, సాయంత్రం ఆరు గంటలు, "శవజాగారం వారి మా దినం" అని అచ్చేసి ఉంది. దాన్ని కూడా మా ఆఫీసు భద్రంగా స్కాన్ చేసి ఎక్కించింది. వార్డు కార్యదర్శి ఆ రోజు ఉన్న దరఖాస్తులన్నిటికీ కలిపి ఒకేసారి సరేనన్నాడు.

"ఏందిరా ఇది?" అని అరిచాను. ఆఫీసంతా తిరిగి చూసింది.

వాడు ఏదీ దాచలేదు. నలుగురు స్నేహితులు కలిసి ఒక బ్యాండు పెట్టుకున్నారట, పేరు శవజాగారం. ప్రొద్దుటూరులో డ్రమ్ముల అబ్బాయి వాళ్ళ బంగారు అంగడి మేడమీద సాధన. పాడేది గోతిక్ రాక్ అంట. చీకటి, చావు, సమాధులు, వాటి గురించి గిటార్లతో హోరెత్తించి పాడే సంగీతం. కొత్త ఆల్బమ్ పేరు "మా దినం", ఎనిమిది పాటలు, ఎనిమిదీ చావు మీదే. ఆ ఆల్బమ్ కవరు మీద ఈ సర్టిఫికెట్టు వేశారు.

ఆ పూట నాకు వచ్చిన కోపం మామూలుది కాదు. రెండో విడతలో ఒకే రోజు ఎన్ని చితులకు చోటు చూపించానో నాకు తెలుసు. కొడుకులు గేటు అవతల ఆగిపోతే మా పారిశుద్ధ్య కార్మికులు దింపిన శవాలు తెలుసు. అలాంటి చావుతో వీడు కాటుక పెట్టుకుని ఆటలాడుతున్నాడు. నోటికొచ్చినట్టు తిట్టాను. తప్పుడు సమాచారం ఇచ్చినందుకు పోలీసు కేసు పెడతానన్నాను. అన్నపూర్ణమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"పెట్టండి సార్," అన్నాడు భార్గవ. "కానీ మేము అనుకున్న్యది ఇది కాదు. దరఖాస్తు పెడితే మీరు వెనక్కి కొడతారు కదా. నువ్వు బతికే ఉండావు, ఇయ్యలేము అని రాసిస్తారు కదా. ఆ కాగితం కవరు మీద వేద్దామనుకున్న్యాం. సర్టిఫికెట్టే వచ్చ్యాదని ఎవురనుకుంటారు? వచ్చినంక నవ్వుకున్న్యాం. నవ్వుకోని దాన్నే వేసినాం. అది నా తప్పే."

అంతటితో ఆగినా బాగుండేది. వాడు నా బల్ల మీద కాగితాన్ని చూస్తూ ఇంకో మాటన్నాడు. "మా నాయన చచ్చిపోయినాడని రాయించుకునేదానికి ఏడుసార్లు తిరిగినాం సార్, ఈడికే. నేను చచ్చిపోయినానని మాత్రం ఒక్కసారికే రాసిచ్చినారు."

రేపు రమ్మని పంపేశాను.

మధ్యాహ్నం కమిషనరుగారు పిలిపించారు. కుర్రవాడు, పరీక్ష రాసి నేరుగా వచ్చిన అధికారి, తెలివైనవాడు. దారి ఆయనే చెప్పారు. రిజిస్టరులో పడిన రాతను చెరపడానికి, కొట్టెయ్యడానికి వీల్లేదు. పక్కన అంచులో ఏది తప్పో, ఎందుకు తప్పో రాసి, తేదీ వేసి సంతకం చెయ్యాలి. దాన్ని మార్జినల్ ఎంట్రీ అంటాం. అది పడితే వాడు కాగితం మీద బతికినట్టు. "ఎందుకు" అన్నచోట భార్గవ మోసం చేశాడని రాయండి, వాడి మీద కేసు పెట్టండి, ఆ ఆపరేటరును తీసేద్దాం, మీకు ఎనిమిది నెలల సర్వీసు ఉంది, ప్రశాంతంగా ఇంటికి వెళ్ళండి అన్నారు.

కేసు పడితే భార్గవ ఉద్యోగం పోయినట్టే. నియామకానికి ముందు పోలీసు విచారణ ఉంటుంది. కాగితం మీద వాణ్ణి బతికిస్తాం గానీ, ఆ ఇంటి బతుకు అక్కడితో సరి. సుజాత తనను కాపాడమని అడగలేదు. బల్ల దగ్గర నిలబడి, "సార్, దినానికి నూరు ఫారాలు వస్తాండాయి. గళ్ళల్లో ఏముంటే అది కొడతాండా. చదవమని మీరెప్పుడన్నా చెప్పినారా?" అని మాత్రం అంది. చెప్పలేదు. చదవడం నా పని.

ఆ సాయంత్రం ప్రొద్దుటూరు బస్సులో ఇంటికి పోతూ, ఫోనులో ఆ ఆల్బమ్ పెట్టుకుని విన్నాను. తిట్టడానికి ఇంకాస్త సరుకు దొరుకుతుందని విన్నాను, నిజం చెప్పాలంటే. మొదటి మూడు పాటలు నాకు రుచించలేదు. చెవుల్లో రేకులు బాదినట్టుంది. నాలుగో పాటలో గిటార్లన్నీ ఆగిపోయి, వెనక డ్రమ్ము ఒక్కటే నెమ్మదిగా మోగుతుంటే, భార్గవ రాగం లేకుండా మా ఫారం చదివాడు. మృతుని పేరు. తండ్రి పేరు. మరణించిన స్థలం. ప్రతి గడి తర్వాతా ఒకటే మాట: "సవరణకు మళ్ళీ రండి." అది మా కౌంటరులో అనే మాట. ఏడుసార్లు ఉంది ఆ పాటలో. లెక్కపెట్టాను.

మర్నాడు పొద్దున్నే వాడి తండ్రి ఫైలు తీశాను. అయ్యవారి ఇంటిపేరు మా ఆఫీసులోనే తప్పు పడింది. ఫారంలో సరిగానే ఉంది. సవరించడానికి అంచులో ఒక మాట రాసి సంతకం పెడితే సరిపోయేది. దానికి అన్నపూర్ణమ్మను నోటరీ అఫిడవిట్ తెమ్మన్నారు. తెచ్చింది. బడి నుంచి సర్వీసు రికార్డు తెమ్మన్నారు. తెచ్చింది. గెజిటెడ్ అధికారి సంతకం కావాలన్నారు. మొగుడు పోయి నెల తిరగని మనిషి, ఆ మొగుడి పేరు ఏమిటో మాకు రుజువు చెయ్యడానికి బస్సులెక్కి తిరిగింది. తిప్పి పంపిన ప్రతి కాగితం మీదా నా సంతకం ఉంది. వాటిలో ఒక్కటీ నేను చూసి ఎరగను. ముందురోజు వాడి మీద కేకలేసిన నోరు ఇదేనా అని సిగ్గేసింది. సిగ్గుకంటే కోపమే ఎక్కువగా ఉండింది, ఈసారి ఎవరి మీదో చెప్పనక్కర్లేదు.

సుజాత దగ్గర డాంగిల్ తీసుకుని జేబులో వేసుకున్నాను. భార్గవ వచ్చి ఎదుట నిలబడ్డాక రిజిస్టరు తెరిచి, అంచులో నా చేత్తో రాశాను. సమాచారం ఇచ్చిన వ్యక్తి, మరణించిన వ్యక్తి ఒకరేనని దరఖాస్తులోనే స్పష్టంగా ఉన్నది. శ్మశానం రసీదు లేదు. చదవకుండా నమోదుకు అనుమతించినది సంతకందారు. ఆపరేటరు నా ఆదేశం మేరకు పనిచేసినది. భార్గవ జీవించి ఉన్నాడు, ఈ దినం నా ఎదుట హాజరైనాడు. కింద తేదీ వేసి సంతకం చేశాను.

కమిషనరుగారు అది చదివి, మీకేం పట్టింది అని అడిగారు. నాకు చార్జి మెమో వచ్చింది. డాంగిల్ ఇతరుల చేతికి ఇవ్వడం, రహస్య అంకె చెప్పడం, విధుల్లో నిర్లక్ష్యం, మూడూ నిజాలే కాబట్టి మూడూ ఒప్పుకున్నాను. రిటైరయ్యాక కూడా విచారణ నడిచింది, పింఛనులో కొంత కోత పెట్టారు. ఇంట్లో నా భార్య ఆ కోత గురించి నెలనెలా గుర్తుచేస్తుంది. ఆవిడకు ఆ హక్కుంది. సుజాతను పన్నుల విభాగానికి మార్చారు గానీ తీసెయ్యలేదు.

భార్గవను మాత్రం ఊరికే వదల్లేదు. ఆ కవరు తీసేయించాను. "పులివెందులకు పోయి మీ అవ్వ ముందర నిలబడు. ఆమె కొట్టినన్ని కొట్టించుకో" అని చెప్పాను. పోయాడట, కొట్టిందట. సవరించిన పత్రం చూపితే విద్యాశాఖవాళ్ళు ఫైలు మళ్ళీ తెరిచారు. ఇంకో ఏడాదికి జూనియర్ అసిస్టెంటుగా చేరాడని, ఆదివారాలు ఇంకా ఆ పాటలే పాడుతున్నాడని విన్నాను. ఆ సంగీతం నాకు ఇప్పటికీ నచ్చదు.

మిగిలిన ఎనిమిది నెలలూ ప్రతి ఫారాన్నీ పై గడి నుంచి కింది గడి దాకా చదివి సంతకం పెట్టాను. బయట వరసలో నిలబడ్డవాళ్ళు విసుక్కునేవారు. తెచ్చిన ఫారంలో ఉన్న పేరే సర్టిఫికెట్టులో ఉన్నదా అని పోల్చి చూడటానికి ఒక్కోదానికి రెండు నిమిషాలు పట్టేది. ఆ ఎనిమిది నెలల్లో సవరణకు మళ్ళీ రమ్మని ఎవరికీ చెప్పవలసిన పని పడలేదు. సంతకం పెట్టాల్సింది చదివాక అని నాకు సర్వీసులో చేరిన మొదటి వారంలోనే శిక్షణలో చెప్పారు. అది నాకు అర్థమైనది మాత్రం, తాను చచ్చానని తనే వచ్చి రాసిచ్చినవాడికి నేను అవునని సంతకం పెట్టాకే.