కావలి పెద్దాయన ఇంటిపేరు

మా మిరప చేలకు ఇరవై ఏళ్ళు కాపలా కాసిన పెద్దాయన పోయిన మంగళవారం పొద్దున చనిపోయాడు. ఆ మాట ఆయన మనవరాలు వచ్చి చెప్పింది. గురువారం వచ్చి ఇంకో మాట చెప్పింది. పంచాయతీ పుస్తకంలో ఆయన చావును వేరే ఇంటిపేరుతో రాశారట. మొదటి మాటకు ఏడ్చాను. రెండో మాటకు చెప్పులు వేసుకుని బయలుదేరాను.

ఆయన యానాది. ఇంటిపేరు మేకల. ఈ రెండు ముక్కలు కాగితం మీదికి ఎక్కించడానికి ఆయన మూడేళ్ళు తిరిగాడు. ఎందుకు తిరగాల్సి వచ్చిందో చెప్పాలంటే ముందు నా తప్పు చెప్పాలి.

కాపలా ఉండే యానాదులను ఏ రైతు చేలో ఉంటే ఆ ఇంటివారి యానాదులు అనడం మా వైపు వాడుక. మా చేలకు రాకముందు, ఆయన కొడుకును బడిలో చేర్చడానికి తెచ్చిన రోజున రిజిస్టరు రాసింది అక్కడి పంతులమ్మనైన నేనే. ఇంటిపేరు అడిగాను. ఆయన నోరు విప్పేలోగా వెంట వచ్చిన అప్పటి ఆసామి, "మా వాళ్ళేనండి, మా ఇంటిపేరే వేసుకోండి" అన్నాడు. వేశాను. నా రిజిస్టర్లో ఒక్క కొట్టివేత ఉండదని పై అధికారులు మెచ్చుకునేవారు. అంత శుభ్రమైన చేతివ్రాతతో ఒక కుటుంబం పేరు తుడిచేశాను.

అది మనవరాలి మెడకు చుట్టుకుంది. ఇంటర్ పాసై, నర్సింగులో గిరిజనుల సీటు కోసం కుల ధ్రువీకరణ పత్రం అడిగితే మండల ఆఫీసులో, "ఈ ఇంటిపేరు రైతులది, మీరు యానాదులెట్టా అవుతారు?" అన్నారు. వాళ్ళు సాక్ష్యంగా చూపించింది ఆమె నాన్న పేరున్న నా రిజిస్టరునే.

"ఆ రోజే అది నీ ఇంటిపేరు కాదని చెప్పొద్దటయ్యా?" అని పెద్దాయనను కసిరాను.

"మీరు రాసేశారు గదమ్మా. రాసినాక మా మాట ఎవురింటారు?" అన్నాడు.

ఆయన కాలవ గట్టున అడుగు చూసి వచ్చింది ఎవరో, బరువు మోస్తున్నారో లేదో చెప్పేవాడు. "మట్టిలో అడుగు నేను చూస్తా, కాయితంలో అడుగు మీరు చూడండి టీచరమ్మా" అన్నాడు. మా అరుగు మీద గొంతుక్కూర్చుని నాలుగు తరాల పేర్లు, ఎవరిని ఏ ఊళ్ళో పూడ్చారో చెప్పాడు. కుర్చీ వేస్తే ఒక్కనాడూ కూర్చోలేదు. నేను రాసుకున్నాను. ఓటర్ల జాబితాలో ఆసామి పేరే. రేషన్ కార్డులోనూ అదే. కొత్తగా వచ్చిన కంప్యూటర్లోకి కూడా అదే ఎక్కించారు. చివరికి గుంటూరులో, దుమ్ము పట్టిన పాత చావుల పుస్తకంలో ఆయన తల్లి దొరికింది. పేరు ముందు మేకల. పక్కన యానాది. మూడుసార్లు చదివించుకున్నాడు. వేలు మాత్రం పెట్టలేదు. "చెరిగిపోద్దేమో" అన్నాడు.

ఆ పేజీ నకలు చూసి మండల అధికారి అడిగాడు: "ఈవిడ నీ తల్లేనని రుజువేంటి?"

"నేనే పూడ్చానయ్యా."

ఆ గదిలో నలుగురు నవ్వారు. ఆ నవ్వు నేను మరిచిపోను. ఆ తరవాత ఫైలు పోయిందన్నారు. అధికారి మారాడన్నారు. పెద్దాయన ఉతికిన చొక్కా వేసుకుని ప్రతి సోమవారం ఆ మెట్ల మీద కూర్చున్నాడు. ఆఖరి విచారణ వచ్చే సోమవారమని కబురొచ్చింది. అంతలో ఈయన పోయాడు. పోయినవాడికి కూడా ఆసామి పేరే తగిలించారు. ఆ పేరుతో చావు పత్రం బయటికొస్తే ఇక పిల్లకు సీటు లేనట్టే.

పంచాయతీ కార్యదర్శి నా దగ్గర చదువుకున్నవాడే.

"ఒరేయ్, ఈ ఇంటిపేరు ఎవడు చెప్పాడురా నీకు?"

"రేషన్ కార్డులో అట్టాగే ఉంది టీచర్ గారూ. రికార్డు ప్రకారం రాశా. పుస్తకంలో కొట్టివేతలు ఉండకూడదని నేర్పింది మీరే గదండీ."

"నేర్పాను. తప్పు నేర్పాను. కొట్టు."

తల్లి చావు నకలు ముందు పెట్టాను. బడి రిజిస్టర్లో ఇంటిపేరు తప్పుగా రాసింది నేనేనని సంతకం చేసిన కాగితం దాని మీద పెట్టాను. వాడు నా మొహం చూశాడు, కాగితం చూశాడు, కలం మూత తీశాడు. మనవరాలు బల్ల దగ్గరికి వచ్చి, "మేకల అని రాయండి సార్" అంది. కొట్టి, పైన రాసి, పక్కన సంతకం పెట్టాడు. పేజీ అసహ్యంగా తయారైంది. నా కళ్ళకు ఎంత బాగుందో చెప్పలేను.

సోమవారం పిల్ల వెళ్తుంది. వెంట నేనూ వెళ్తాను. ఈసారి ఆ గదిలో ఎవరు నవ్వుతారో చూస్తాను.

తిరిగి వస్తూ చేనుకు పోయాం. కిందటివారం ఆయన నీళ్ళు కట్టినప్పటి అడుగులు నల్లరేగడిలో దిగబడి, ఎండి, గట్టిపడి ఉన్నాయి. కుడికాలి చిటికెన వేలు కొంచెం బయటికి తిరిగి ఉంది. ఆయనదే. పిల్ల చెప్పులు విడిచి చేత పట్టుకుని, ఒక్క అడుగునూ తొక్కకుండా, వాటి పక్కనే నడుచుకుంటూ గట్టు దాటింది.