పసుపు అంటిన కరపత్రం

ఈ మధ్య పొద్దున్నే పేపరు విప్పితే వార్తలకన్నా ముందు కాగితాలు రాలుతున్నాయి. మొన్నొకరోజు తాడేపల్లిలో మా ఇంటి వరండాలో కూర్చుని, కృష్ణ మీదనుంచి వచ్చే గాలికి పేజీలు ఎగిరిపోకుండా ఒక చేత్తో అదిమిపట్టుకుంటూ పేపరు విప్పానో లేదో, నున్నటి రంగుల కరపత్రం ఒకటి జారి నేలమీద పడింది. పళ్ల డాక్టరుదో, ఫర్నిచరు కొట్టుదో తెలుసుకుందామని నేను కళ్లజోడు వెతుక్కునేలోగా, మా తమ్ముడి కూతురు వంగి దాన్ని తీసి, చూడనైనా చూడకుండా ఉండచుట్టి చెత్తబుట్టలో పడేసింది. పడేసి వచ్చి నా పక్కనే కూర్చుని, "అత్తా, నా షాపుకి పాంప్లెట్లు వేయించమంటావా, దండగంటావా? అందరూ ఫోన్లో పెట్టుకుంటే చాలంటున్నారు" అని అడిగింది. ఈ పిల్ల గుంటూరులో పసిపిల్లల పరుపులు, దిండ్లు కుట్టి అమ్మే చిన్న దుకాణం పెట్టబోతోంది లెండి. నాకు ఒళ్లు మండింది. ఇంకొకరి కాగితాన్ని ఇప్పుడే ఉండచుట్టిన చేతులతో ఆ మాట ఎలా అడుగుతావే అనబోయి ఊరుకున్నాను. నా మంచితనం కొద్దీ ఊరుకున్నానని అనుకోకండి, ఆ మాట పెదాల దాకా వచ్చేసరికే నా మనసు అద్దంకి బజారుకి వెళ్లిపోయింది.

మేము దూదేకులవాళ్లం. నమాజుకి మసీదుకి వెళతాం, మాట్లాడేదీ తిట్టుకునేదీ కలలు కనేదీ మాత్రం తెలుగులోనే. మా నాన్న తన కన్నా పొడుగైన, దూది ఏకే విల్లు భుజాన వేసుకుని అద్దంకి చుట్టుపక్కల ఊళ్లన్నీ కాలినడకన తిరిగేవాడు. ఊరి మొదట్లోనే విల్లు దించి, చేతిలో ఇమిడే కొయ్యముక్కతో దాని నారిని ఒక్కసారి మోగిస్తే, ఆ టుంయ్ టుంయ్ మోత మిరప కల్లాలు దాటి, పత్తిచేలు దాటి వెళ్లేది, ఆడవాళ్లు గట్టిపడిపోయిన పరుపుల్నీ దిండ్లనీ అరుగులమీదికి తెచ్చి పడేసేవాళ్లు. చిన్నప్పుడు సెలవుల్లో నేనూ వెంట వెళ్లేదాన్ని. నాన్న ఏకుతుంటే దూది పింజలు పింజలుగా లేచి, పొద్దుటి ఎండలో ఎక్కడికీ పోనట్టుగా, ఏ తొందరా లేనట్టుగా గాలిలో నిలబడేది; దాని వెనక కల్లంలో ఆరబోసిన మిరపకాయలు ఎర్రగా, కంటికి ఆనినంతమేరా ఉండేవి. ఇప్పటికీ కళ్లు మూసుకుంటే నాకు ఆ తెలుపూ ఆ ఎరుపే కనిపిస్తాయి, ఏమిటో చెప్పలేని దిగులు వేస్తుంది. ఆ అందమైన దూదే నాన్న ఊపిరితిత్తుల్లో పేరుకుంటోందని మాకెవరికి తెలుసు?

నేను టీచరు ట్రైనింగు పూర్తిచేసి, అద్దంకికి దగ్గర్లోని ఒక పల్లెలో ఉద్యోగంలో చేరిన ఏడాదే నాన్నకి దగ్గు ముదిరింది. కొన్ని నెలలు మంచం దిగలేదు. డాక్టరుగారు మెత్తగా చెప్పే మనిషి కాదు. ఇంకొక్క ఏడాది ఆ విల్లు పట్టుకుని దుమ్ములో తిరిగితే మనిషి దక్కడు అని మా అమ్మ ముఖం మీదే చెప్పేశారు. పెద్దమావయ్య పూనుకుని బస్టాండు వెనక సందులో ఒక గది చూసిపెట్టి, దూది ఏకే కరెంటు మిషను ఒకటి బిగించాడు. దూది మిషను చూసుకుంటుంది, ముక్కుకి గుడ్డ కట్టుకుని పరుపులు కుట్టుకుంటూ నీడపట్టున కూర్చుంటే చాలు అన్నాం. నాన్న దసరా వెళ్లగానే వచ్చి కూర్చున్నాడు. ఎవరూ రాలేదు.

అసలు చిక్కు ఎక్కడుందో మాకు చాలా రోజులకిగానీ తట్టలేదు. ఊరూరా తిరిగినన్నాళ్లు నాన్నకి బోర్డు అక్కర్లేదు, ప్రకటన అక్కర్లేదు, ఆ మోతే ఆయన ప్రకటన. సందులో కూర్చున్న మిషను ఎంత రొద చేసినా బస్టాండు దాటి వినపడదు కదా! కార్తీకం వెళ్లింది, సంక్రాంతి వెళ్లింది. నాన్న గుమ్మంవైపు చూస్తూ చూస్తూ, ఒకరోజు మూలనున్న విల్లు తీసి నారి బిగించడం మొదలుపెట్టాడు. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయి, మాఘం వెళ్లేలోగా నలుగురు రాకపోతే నేనే వెళతాను అన్నాడు. అమ్మ వంటింట్లోకి వెళ్లి ఏడ్చింది. నేను ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

కరపత్రం వేయిద్దామన్న ఆలోచన నాదే. మా సందు మొదట్లో ఒక చిన్న ప్రెస్సు ఉండేది. దాని యజమాని చర్చిలో పెద్ద, మా అందరికీ ప్రెస్సు మేష్టారు. సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి పేర్చి, కాలితో తొక్కే మిషను మీద అచ్చు వేసేవారు. నేను టీచర్నన్న గర్వంతో నాలుగు పంక్తులు రాసి తీసుకెళ్లాను: ఇన్నాళ్లూ మీ గడపకు వచ్చి దూది ఏకినవాడిని, ఆరోగ్యం బాగాలేక ఇక రాలేను, అద్దంకిలో మిషను పెట్టాను, ఫలానా శుక్రవారం నుంచి మీరే రావాలి అని. మాఘమాసం, ముహూర్తాల రోజులు, మేష్టారికి ఊపిరి సలపనంత పని. కొత్తగా అంచులూ అవీ పేర్చే తీరిక లేక, అప్పటికే శుభలేఖల కోసం పేర్చి దారంతో కట్టి ఉంచిన పూలతల అంచులు తెచ్చి మా నాలుగు పంక్తుల చుట్టూ బిగించారు. కింద ఖాళీ మిగిలిందని, అలా సిద్ధంగా ఉన్నదే, 'సకుటుంబ సపరివార సమేతంగా విచ్చేయ ప్రార్థన' అన్న పంక్తి కూడా దింపారు. నన్ను పిలిచి చూపించారు. నాకు అది ఎంత గంభీరంగా ఉందో! చాలా బాగుందండీ మేష్టారూ అన్నాను. ఇప్పుడు తలుచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

గులాబీరంగు కాగితాల కట్ట ఇంటికి రాగానే అమ్మ పసుపు కలిపి కూర్చుంది. కొత్త పని, కొత్త చోటు, నాలుగు మూలలా పసుపు పెట్టకుండా నలుగురి చేతుల్లో ఎలా పెడతాం అంది. మా ఇళ్లలో అటు ఫాతిహా చదవడం ఉంటుంది, ఇటు పసుపూ ఉంటుంది, అందులో వింతేమీ లేదు. అంతటితో ఊరుకుందా, బజార్లో వెదజల్లిన కాగితం ఊడిస్తే పోతుంది, ఇంటికెళ్లి చేతిలో పెట్టిందే నిలుస్తుందని, బడి లేని రోజుల్లో నన్ను వెంటబెట్టుకుని ఎర్రబస్సెక్కి, దిగి నడిచి, ప్రతి ఊళ్లోనూ నాన్న ఏకిన ప్రతి ఇంటికీ తిరిగింది. పెద్ద ఇళ్లకీ వెళ్లాం, పల్లెలో కూలివాళ్ల ఇళ్లకీ వెళ్లాం. అమ్మ తలుపు దగ్గర నిలబడి, తప్పకుండా రావాలమ్మా, మీరు రాకపోతే మాకు లోటు అనేది. నేను పక్కన జరీచీర కట్టుకుని, సిగ్గుపడుతూ కాగితం అందించేదాన్ని. చాలామందికి చదువు రాదు; కాగితాన్ని కళ్లకద్దుకుని చూరులో దోపుకున్నారు. చదువు వచ్చినవాళ్లు మొదటి పంక్తికన్నా చివరి పంక్తే చదివారనుకుంటాను.

ఇక శుక్రవారం రానే వచ్చింది. పొద్దెక్కేసరికి బస్టాండు పక్కన ఒక ఎడ్లబండి ఆగింది, దాని వెనక ఇంకొకటి, ఆ వెనక మనుషులతో నిండిన ట్రాక్టరు. పరుపుల మూటలు దిగుతాయని నేను ఎదురు చూస్తున్నానా, స్టీలు గిన్నెలు దిగాయి! అరటిపళ్ల అత్తాలు దిగాయి, రవికెగుడ్డలు దిగాయి, నూనె పెట్టి తల దువ్విన పిల్లలు దిగారు. ఒక ముసలావిడ నేరుగా నా దగ్గరికి వచ్చి, నా గడ్డం పుచ్చుకుని ఎగాదిగా చూసి, "పెళ్లికూతురివి నువ్వే గదే? నీ పెళ్లికి నువ్వే పిలవొచ్చావంటే చదువుకున్న పిల్లల తీరే వేరులే అనుకున్నాం. ఏడే నీ మొగుడు?" అంది. పెద్దమావయ్య నన్ను తిట్టాడు, నేను ప్రెస్సు మేష్టారి వైపు చూశాను, ఆయన అమ్మ పసుపుచేతుల వైపు చూశారు. తిలాపాపం తలా పిడికెడు.

నాన్న మాత్రం గుమ్మం పట్టుకుని అలా నిలబడిపోయాడు. ముందు తేరుకున్నది అమ్మే. పిలిచినవాళ్లం మనం, వచ్చినవాళ్లు ఆకలితో పోకూడదు అని కొంగు బిగించింది. మేష్టారు చర్చిలోని గుండిగలు తెప్పించారు, కిరాణా కొట్టాయన అడక్కుండానే బియ్యం పంపాడు, సందులోనే పొయ్యిలు తవ్వారు. సాయిబుగారింటి పెళ్లి కదా, పలావు తిందామని వచ్చినవాళ్లకి పప్పూ, గోంగూర పచ్చడీ, మజ్జిగా పెట్టాం. చాపలు చాలక, అమ్ముదామని కుట్టి ఉంచిన కొత్త బొంతలే సందు పొడుగునా పరిచాం.

అందరూ కూర్చున్నాక నాన్న మధ్యలోకి వెళ్లి చేతులు జోడించాడు. పెళ్లి లేదు, మా వాళ్ల పొరపాటు, మన్నించండి. నేను ఇక మీ ఊళ్లకి నడిచి రాలేను, ఆ మాట చెప్పడానికే కాగితం వేయించాం అని చెప్పి, దగ్గు వచ్చి ఆగిపోయాడు. నేను తల ఎత్తలేదు. ఇప్పుడు గిన్నెలు ఎత్తుకుని తిట్టుకుంటూ లేచిపోతారు, నాన్న రేపే విల్లు భుజాన వేసుకుంటాడు అనుకున్నాను. అప్పుడు నాన్న ఈడువాడే, ఒక మిరప రైతు, తింటున్న చెయ్యి విస్తట్లోనే ఉంచి గట్టిగా అరిచాడు. "ఒరేయ్ సాయిబూ! నువ్వు పోయావనుకున్నాంరా! మోత వినపడక ఏడాది దాటె. మా ఇంటిది నీకోసం ఏడ్చింది గూడా. పెళ్లి లేకపోతే పీడాపాయె, నువ్వున్నావు గదరా!" అని. ఎవరో నవ్వారు, ఆ నవ్వు బంతిలో ఈ చివరి నుంచి ఆ చివరికి పాకింది. నాన్న అక్కడే, అందరి ముందూ, చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. నాన్న ఏడవగా నేను చూసింది ఆ ఒక్కసారే.

తెచ్చిన గిన్నెలు ఒక్కరూ తిరిగి తీసుకెళ్లలేదు. నీ పెళ్లికి మళ్లీ తెచ్చేది లేదు, ఇప్పుడే ఉంచుకో అని నన్ను ఆటపట్టించారు. కూర్చున్న బొంతల మెత్తదనం వాళ్ల చేతులకి తెలిసిందేమో, బండ్లు ఎక్కేముందు ఒకరిద్దరు అంచులు నిమిరి చూడటం నాకు గుర్తుంది. మాఘం వెళ్లేలోగా పాత పరుపుల మూటలతో బండ్లు మళ్లీ వచ్చాయి. నాన్న విల్లు నారి విప్పేశాడు. ఆ తరవాత పదిహేడేళ్లు నీడపట్టున కూర్చుని బతికాడు, నా పిల్లలకి దిండ్లు కుట్టిపెట్టాడు.

ఆ కాగితం మహిమ వల్లే అంతా జరిగిందని చెబితే మా మేనకోడలు సంతోషించేది, కానీ అబద్ధం అవుతుంది. తరవాతి ఏళ్లలో ఆ దుకాణం చూసుకున్న మా తమ్ముడు మంచి కాగితం మీద, రంగుల్లో, ఏ పొరపాటూ లేకుండా కరపత్రాలు వేయించాడు, ఆటోకి మైకు కట్టి పంచాడు, పేపర్లలో పెట్టించాడు. వాటికి వచ్చినవాళ్లు తక్కువ. అలాగని ఫోన్లో పెడితే వస్తారా అంటే అదీ నాకు నమ్మకం లేదు. ఫోమ్ పరుపులు వచ్చాక వాడు దుకాణం మూసేసి పొలం చూసుకున్నాడు. మూసేశావేం అని అడగడానికి ఏ ఊరినుంచీ ఏ బండీ రాలేదు. దుకాణం ముందునుంచే నడిచి వెళ్లేవాళ్లు కూడా తలుపు వంక చూడలేదని వాడు ఒకసారి నాతో అన్నాడు.

ఆ పిల్లకి నేను వేయించమనే చెప్పాను. వెయ్యి వద్దు, వందే వేయించు, నేనూ వస్తాను, ఇంటింటికీ తిరిగి చేతిలో పెడదాం అన్నాను. అది నవ్వి, అపార్ట్‌మెంట్లలోకి వాచ్‌మన్ రానివ్వడు అత్తా, ఇచ్చినా ఎవరూ తీసుకోరు అంది. నాకు రోషం వచ్చింది. తీసుకోకపోవడమేమిటి, మనిషి వచ్చి పిలిస్తే రాకపోవడమేమిటి అని చాలాసేపు వాదించాను. అది వెళ్లిపోయాక ఒక్కదాన్నే కూర్చుని ఆలోచిస్తే తోచింది. ఈ ఇంటికి వచ్చి ఇన్నేళ్లయింది. మా వీధి చివర ఇస్త్రీబండి అతను, టైలరమ్మాయి, పచ్చళ్ల కొట్టు పెట్టిన దంపతులు, ఎవరెవరో తలుపు కొట్టి, రండమ్మా అని కాగితాలు ఇచ్చి వెళ్లారు. అలాగే నాయనా అంటూ అందరి దగ్గరా తీసుకున్నాను. పచ్చళ్లవాళ్లు ఇప్పుడు లేరు, ఎప్పుడు మూసేశారో నాకు తెలియదు. వాళ్ల కొట్టుకి నేను ఒక్కసారైనా వెళ్లలేదు.