ఆయన నోటికి ఎవరిదో గొంతు

పోయిన ఏడాది జనగామలో ఒక సన్మాన సభ జరిగింది. సన్మానం అందుకునే ముసలి నటుడు వేదిక మీద కూర్చుని ఉండగానే, తెర మీది ఆయన బొమ్మకు వేరే మనిషి గొంతు తగిలించి వినిపించారు. హాలు నిండా జనం చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు. లేచి నిలబడి అరిచాను. ఆ అరుపు తలుచుకుని జనగామలో కొంతమంది ఇప్పటికీ నవ్వుకుంటున్నారని నాకు తెలుసు. ఎవరెవరు నవ్వుతున్నారో కూడా తెలుసు.

ఆ నటుడు భూపాలపల్లి బొగ్గు బావిలో పనిచేసి రిటైరయ్యాడు. నేను ఆయన్ని అన్నా అని పిలుస్తాను. నాది బచ్చన్నపేట పక్కన చిన్న ఊరు. తెలుగు పండితుడిగా భూపాలపల్లి బడికి బదిలీ మీద వెళ్ళిన కొత్తలో, అక్కడి కార్మికుల నాటక సమాజం వాళ్ళు నా దస్తూరి చూసి ప్రాంప్టర్‌గా పెట్టుకున్నారు. పక్క తెర చాటున నాటకం ప్రతి పట్టుకుని నిలబడి, నటుడు మాట మరిచిపోతే మెల్లగా అందించడం నా పని. పన్నెండేళ్ళు నిలబడ్డాను. కరపత్రంలో కుర్చీలు వేసిన మనిషి పేరు కూడా అచ్చయింది గానీ నా పేరు ఒక్కసారీ పడలేదు. అది వేరే సంగతి. అయినా రాసి పెడుతున్నాను.

ఆ సమాజానికి ఇంగ్లిష్ వాళ్ళ పాత నాటకాలంటే పిచ్చి. నాలుగు వందల ఏళ్ళ కిందటి ఆ మహానాటకకర్త రాసినవాటిలో తెలుగు చేసినవి మూడు వేశారు. అనుమానంతో భార్యను చంపుకున్న సేనాపతి, రాజును చంపి నిద్ర పోగొట్టుకున్న దొర, కూతుళ్ళకు రాజ్యం పంచి వాన పాలైన ముసలి రాజు. మూడు వేషాలూ అన్నవే.

బావిలో అన్న పని మందు పేల్చడం. బొగ్గు గోడకు తొలిచిన రంధ్రాల్లో మందు కూరి, పేల్చే ముందు చుట్టుపక్కల వాళ్ళంతా తప్పుకునేలా కేక వేయాలి. ఆ కేక మలుపులు తిరిగి చివరి మనిషి దాకా వెళ్ళాలి. వెళ్ళకపోతే ప్రాణం పోతుంది. అలాంటి చోట ముప్పై ఏళ్ళు తయారైన గొంతు అది. పెద్దదేమీ కాదు, కానీ దూరం పోయేది. ఆఖరి వరుసలో కూర్చున్న అవ్వకు కూడా తన చెవిలోనే చెబుతున్నట్టు ఉండేది. ఎదురుగా మైకు పెడితే చేత్తో పక్కకు జరిపేవాడు.

చచ్చిపోయిన చిన్న కూతురిని ముసలి రాజు చేతుల మీద మోసుకొచ్చే రంగం ఒకటి ఉంది. అన్న మామూలుగా, ఇంట్లో పిలిచినట్టు, "బిడ్డా" అనేవాడు. అని ఆగేవాడు. ఆమె పలుకుతుందేమోనని ఆగేవాడు. నేను ప్రతి మీద వేలు పెట్టుకుని ఊపిరి బిగబట్టేవాణ్ణి. రెండోసారి "బిడ్డా" అన్నప్పుడు ఆ గొంతు ఎక్కడో భూమి అడుగు నుంచి వచ్చేది. మూడోసారి పెదవులు కదిలేవి, శబ్దం ఉండేది కాదు. అయినా హాలంతా వినేది. నేను ప్రమాణం చేసి చెప్పగలను.

ఇది ఎక్కడ నేర్చుకున్నావన్నా అని ఒకసారి అడిగాను.

"నేర్సుడేంది సారు? పేల్చినంక లోపట ఎవ్వలన్న ఉండిపోయిన్రా అని పిలుత్తం. పిలిచి ఆగుతం. పలుకుతరా, పలుకరా అని. గదే" అన్నాడు.

ఆ నాటకాన్ని మహబూబాబాద్ పోటీలకు తీసుకెళ్ళాం. అన్న మొదటి షిఫ్టు ముగించి, కళ్ళ కింద నల్లటి గీత సరిగా పోకుండానే బస్సెక్కాడు. నాటకం అయ్యాక బయటి నుంచి వచ్చిన న్యాయనిర్ణేత మైకు పట్టుకున్నాడు. "రాజు పాత్రధారి గాత్రం మంచిదే. కానీ వాచికంలో బొగ్గుబావి వాసన పోలేదు. మహారాజు ఎక్కడైనా బిడ్డా అంటాడా?" అన్నాడు. జనం నవ్వారు. మన జిల్లాల జనమే, తమ ఇళ్ళలో కూతుళ్ళను బిడ్డా అని పిలిచే జనమే నవ్వారు. ఆ న్యాయనిర్ణేత చొక్కా రంగు కూడా నాకు గుర్తుంది.

తిరుగు బస్సులో అన్న నా పక్కనే కూర్చుని, "బావిల పనిజేత్తే బొగ్గు వాసన రాక అత్తరు వాసన వత్తదా సారు?" అని తనే నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

తర్వాత ఏళ్ళు గడిచాయి. సమాజం చెదిరిపోయింది. అన్నకు గొంతులో పుండు లేచి, వరంగల్ దవాఖానలో ఆపరేషన్ చేశారు. ప్రాణం దక్కింది, గొంతు దక్కలేదు. ఇప్పుడు ఆయన మాట్లాడితే పక్కన కూర్చున్నవాళ్ళకే, అదీ చెవి పెడితేనే వినపడుతుంది. ఆ గొంతు ఇక మిగిలింది ఒకే ఒక వీడియో క్యాసెట్టులో. మహబూబాబాద్ పోటీకి ముందు భూపాలపల్లిలో మేం వేసిన ప్రదర్శనను పెళ్ళి వీడియోలు తీసే మనిషి ఒకడు ముచ్చటపడి తీశాడు. అది నా దగ్గరే ఉంది. బీరువాలో, తేమ పట్టకుండా సిలికా పొట్లాల మధ్య, పట్టా కాగితాలకంటే భద్రంగా పెట్టాను.

జనగామ సాంస్కృతిక సంఘం వాళ్ళు అన్నకు సన్మానం చేస్తామని, సభలో ఆ వీడియో వేస్తామని వచ్చారు. నేను వెంటనే ఇవ్వలేదు. బొమ్మను శుభ్రం చేసుకోవచ్చు గానీ శబ్దాన్ని ముట్టుకోకూడదని కాగితం మీద రాసి, కార్యదర్శితో సంతకం పెట్టించుకున్నాను. మాట సరిగా వినపడని చోట చూసుకుంటామంటే, ఏళ్ళుగా తెరవని నా ప్రాంప్టింగ్ ప్రతి కూడా ఇచ్చాను.

సభ రోజు అన్నను, వదినను వేదిక మీద కూర్చోబెట్టారు. శాలువా కప్పి, పెంబర్తి ఇత్తడి జ్ఞాపిక చేతిలో పెట్టారు. దీపాలు ఆర్పి తెర మీద వీడియో వేశారు. ముసలి రాజు నడిచొచ్చాడు. చేతుల మీద కూతురు. పెదవులు "బిడ్డా" అన్నాయి. స్పీకర్ల లోంచి "కుమారీ!" అని వచ్చింది.

నున్నటి గొంతు. తేనె పూసిన గొంతు. అన్న ఆగిన చోట వయొలిన్ పెట్టారు. రెండోసారి ఆగిన చోట కూడా వయొలినే. మూడోసారి శబ్దం లేని ఆ చోట, ఆ పరాయి గొంతు వెక్కి వెక్కి ఏడ్చింది.

"ఆపుండ్రి! అది ఆయన గొంతు కాదు!" అన్నాను. ఎంత గట్టిగా అన్నానో నాకు తెలియదు.

"ఏందయ్యా లొల్లి? ఎవలాయన?" అని వెనక నుంచి ఒకరు.

"సారుకు శాలువ కప్పలేదని కోపమొచ్చినట్టున్నది, ఒకటి కప్పుండ్రి" అని ఇంకొకరు. నవ్వులు.

శాలువా కప్పని మాట నిజమే. కానీ నేను లేచింది దానికి కాదు. వేదిక మీద అన్న చెయ్యి ఎత్తి, కూర్చోమని సైగ చేశాడు. కూర్చోలేదు. వీడియో అయ్యేదాకా నిలబడే ఉన్నాను. వెనక వరుసల వాళ్ళకు తెర కనపడలేదని తర్వాత ఫిర్యాదు చేశారట. మంచిదే.

సభ అయ్యాక కార్యదర్శిని మెట్ల దగ్గర పట్టుకున్నాను.

"ఆ గొంతెవలిది?"

"హైదరాబాద్‌ల డబ్బింగు చెప్పేటాయనది సార్. మస్తు పేరున్నోడు. మీ క్యాసెట్టేమో పాతది, గరగరమంటది. జనం ఎట్ల ఇంటరు చెప్పుండ్రి?"

"శబ్దం ముట్టద్దని రాసిచ్చిన. సంతకం పెట్టిన్రు. అదేమయింది?"

"సార్, జర నిమ్మళంగ ఉండుండ్రి. మేం మా సొంత మాటలేమన్న పెట్టినమా? మీ ప్రతిల ఉన్నదే ఒక్క అక్షరం తప్పకుండ సదివిచ్చినం. మీ దస్తూరే గద?"

సంచిలోంచి నా ప్రతి తీసి, ఆ పేజీ తెరిచి నా చేతిలో పెట్టాడు. "బిడ్డా" అన్న మాట మీద అడ్డంగా ఎర్ర గీత. పైన గుండ్రటి అక్షరాల్లో "కుమారీ". ఆ పేజీ నిండా, ముందు పేజీల నిండా ఎర్ర సిరా. నా సిరా.

ఇది ఇప్పటిదాకా నేను ఎవరికీ చెప్పలేదు. మహబూబాబాద్‌లో ఆ అవమానం జరిగిన వారంలోనే నేను ప్రతి ముందేసుకుని, అన్న తన నోటికి తగ్గట్టు మార్చుకున్న మాటలన్నిటినీ దిద్దేశాను. ఎవరు అవమానించినా ఉత్తరం రాసే మనిషిని నేను. కరెంటు ఆఫీసుకు రాశాను, బస్సు డిపోకు రాశాను, పెళ్ళిలో నన్ను రెండో పంక్తిలో కూర్చోబెట్టిన సొంత బావమరిదికి రాశాను. ఆ న్యాయనిర్ణేతకు మాత్రం రాయలేదు. ఆయన చెప్పింది ఒప్పేమోనని నాలోని తెలుగు పండితుడు భయపడ్డాడు. మరుసటి ఏడాది పోటీలో అన్న నా ఎర్ర సిరా మాటలే చెప్పాడు. వాచికానికి బహుమతి వచ్చింది. ఆ కప్పు తెచ్చి నా చేతిలో పెట్టి, "గిది నీది సారు. నేనేడ మాట్లాడిన?" అన్నాడు. ఎంత వినయం అనుకుని ఇంటికి తెచ్చి టీవీ మీద పెట్టుకున్నాను.

మెట్ల దగ్గర ఆ పేజీ పట్టుకుని ఉండగానే అన్న నా దగ్గరికి వచ్చాడు. నేను చెవి పెట్టాను.

"మంచిగనే సదివిండు సారు ఆయన. కని ఎవ్వల్ని పిలుత్తలేడు" అన్నాడు.

క్యాసెట్టు, ప్రతి రెండూ తీసుకునేదాకా అక్కడి నుంచి కదల్లేదు. కదలనని చెబితే స్టూడియో నుంచి క్యాసెట్టు, దాంతో పాటు శబ్దం మార్చని నకలు ఉన్న పెన్‌డ్రైవూ తెప్పించారు. సంఘం తప్పు ఒప్పుకుని, అదే హాల్లో, అవే స్పీకర్లలో అన్న గొంతుతో మళ్ళీ వేయాలని ఉత్తరం రాశాను. ఉత్తరం నకలు జిల్లా అధికారులకు పంపాను. నెల తర్వాత కార్యదర్శి ఫోన్ చేశాడు. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటే ఆలోచిస్తామన్నాడు. తీసుకోనన్నాను.

ఈ మధ్య భూపాలపల్లి వెళ్ళి అన్న ఇంట్లో ఆ పెన్‌డ్రైవు టీవీకి పెట్టాను. గొంతు వచ్చింది. గరగరతోనే వచ్చింది. వంటింట్లోంచి వదిన చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"మెల్లగ మాట్లాడుమంటే ఒక్కనాడు ఇనకపాయె. వాడకట్టంత లేసి కూసునేది. ఇప్పుడు మెల్లగ మాట్లాడుతాండు, నాకేమో చెవులు ఇనవడుతలెవ్వు" అని కళ్ళు ఒత్తుకుంటూనే నవ్వింది.

నేను ప్రతి తెరిచి, తెర మీద ఆయన అన్న మాటను అన్నట్టే రాసుకుంటూ, నా ఎర్ర సిరాను కొట్టేస్తూ కూర్చున్నాను. ఒక చోట ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"గిది ఉండనియ్యి. గీ ఒక్కటి నీదే మంచిగున్నది."

"ఉండనియ్యను" అన్నాను. కొట్టేశాను. ఆయనకు కోపం వచ్చింది, వస్తే వచ్చింది.

తర్వాత జిల్లా అధికారులకు పంపడానికి రెండు కాగితాలు తీశాను. ఒకటి సంఘం మీద కొత్త ఫిర్యాదు. రెండోది, నటుణ్ణి అడగకుండా ఆయన మాటలు దిద్దిన ప్రాంప్టర్ మీద. తేదీలతో, పేజీలతో సహా రాసి రెంటినీ ఒకే కవరులో పెట్టాను. అన్న రెండోది తీసి చదివి, నా చెవి దగ్గరికి వంగాడు.

"నీ మీద నువ్వే కేసు పెట్టుకుంటవా సారు?"

"పెట్టుకుంట" అన్నాను. "ఆ హాల్లో మళ్ళీ వేసేదాకా రెండూ వెనక్కి తీసుకోను."