లాల్‌దర్వాజా వాకిట్లో టేకు చేపలు

డెబ్బయ్యో దశకం మొదట్లో నాకు పెళ్లయింది. మా ఆయన ఉద్యోగం కోసం భీమిలి దగ్గరి సముద్రపు ఒడ్డు నుంచి లాల్‌దర్వాజాలో ఒక అద్దె గదికి వచ్చిపడ్డాను. ఆయన పొద్దున్నే డబ్బా పట్టుకుని ఆఫీసుకి వెళ్తే, మళ్లీ దీపాలు పెట్టాకే రావడం. వాకిలి ఒకటే, చుట్టూ నాలుగు వాటాలు. ఆడవాళ్లంతా కుళాయి దగ్గర చేరేవారు. వాళ్ల మాట నాకు సగమే అందేది. నేను "అండీ" అన్నప్పుడల్లా వాళ్లు దాన్ని సాగదీసి అని నవ్వుకునేవారు. చెడ్డ మనసుతో కాదు. అయినా బిందె నిండగానే నేను లోపలికి వచ్చేసేదాన్ని. తలుపు వేసుకున్నాక చేసే పనేమీ ఉండేది కాదు.

ఒకరోజు నా అంతట నేనే మాట కలపాలనుకున్నాను. చెప్పడానికి నా దగ్గర ఉన్న గొప్ప సంగతి ఒకటే.

"మా వైపు సముద్రంలో టేకు చేపలుంటాయండీ. చేటలంత వెడల్పు, పక్షికున్నట్టు రెండు రెక్కలు. మందలు మందలుగా నీళ్లలోంచి పైకెగురుతాయి."

ఇంటివారి కోడలు బిందె దించి నన్ను చూసింది. "చేటలంత చేపలు ఎగురుతయా? ఏం కోతలు కోస్తున్నవమ్మా! గిట్లనే ఇంకోటి చెప్పు, పొద్దుపోతది."

అందరూ ఫక్కున నవ్వారు. ఆ రోజు నుంచి నేను 'ఎగిరే చేపలామె'ని అయిపోయాను. సాయంత్రం ఆయనతో చెప్పుకుంటే, "ఊరికే అంటారులే, పట్టించుకోకు" అన్నారు. నిజంగా ఎగురుతాయా అని ఆయనా అడగలేదు.

అడిగింది ఆ కోడలి అత్తగారు. అందరికీ ఆమె అవ్వ. కళ్లలో పొరలు కమ్మి చూపు పోయింది. పగలంతా వాకిట్లో నులక మంచం మీద కూర్చుని ఉండేది. దారిన పోయేవాళ్లు పలకరించి పోయేవారే గాని కూర్చునేవారు లేరు. ఒక మధ్యాహ్నం నా అడుగుల చప్పుడు గుర్తుపట్టి పిలిచింది.

"చేపల పిల్లవేనా? ఇటు రా బిడ్డా. ఆ పొద్దు వాళ్లు నవ్విన్రని సగంల ఆపినవు. నాకు మొత్తం చెప్పు."

మంచం పక్కన నేల మీద కూర్చుని చెప్పాను. మా నాన్న బడిపంతులు. ఒక ఉదయం ఇద్దరం ఒడ్డున నడుస్తున్నాం. అలల అవతల నల్లటిదొకటి నీళ్లు చీల్చుకుని లేచింది. గాల్లో రెండు రెక్కలూ ఆడించింది. తెల్లటి పొట్ట కనబడింది. దబ్బున పడింది. అది పడేలోపే ఇంకోటి, దాని వెనక పది, ఆ తర్వాత సముద్రం ఆ మేరంతా లేచి పడుతున్నట్టే ఉంది. వల బాగుచేసుకుంటున్న బెస్తవాళ్లు చేతిలో పని ఆపి నిలబడిపోయారు.

"ఎందుకు దుంకుతయ్ బిడ్డా?"

"తెలీదవ్వా. నాన్నకీ తెలీదన్నారు."

"మరి సప్పుడెట్లుంటది?"

లేచి, తొట్టిలో నానుతున్న గోనెపట్టా తీసి బండ మీద చాచి కొట్టాను. అవ్వ ఉలిక్కిపడి, చెవి అటు తిప్పింది.

"గంతేనా? మందలంటివి కదా!"

తడిసిన తువ్వాలొకటి ఆమె చేతికిచ్చి, బండ దగ్గర కూర్చోబెట్టాను. ఆమె తువ్వాలుతో, నేను గోనెపట్టాతో కొట్టడం మొదలుపెట్టాం. ఒకరి దెబ్బ మీద ఒకరి దెబ్బ. నీళ్లు గోడలదాకా చిందాయి. అవ్వ బోసినోటితో పడీ పడీ నవ్వింది. నేను ఆ ఊరొచ్చాక అంతగా నవ్వడం అదే మొదలు. కోడలు పరుగెత్తుకొచ్చింది.

"ఏంది ఈ లొల్లి! ముసల్దానికి సర్ది చేస్తే ఎవరు చూడాలె?"

ఆ తర్వాత మధ్యాహ్నాలన్నీ అవ్వ దగ్గరే. రోజూ అదే కథ అడిగేది. నేనూ విసుగు లేకుండా చెప్పేదాన్ని.

రెండేళ్లకి మాకు ఆ ఊళ్లోనే నది అవతల గవర్నమెంటు క్వార్టర్సు వచ్చింది. పిల్లలు పుట్టారు. అఫ్జల్‌గంజ్ దాకా బస్సులో వచ్చి కూడా, లాల్‌దర్వాజా వైపు వెళ్లకుండానే ఎన్నోసార్లు తిరిగి వెళ్లాను. ఈలోపు నాన్న పోయారు. ఆ ఉదయం నా పక్కన నిలబడి చూసిన మనిషి ఇక లేరు. ఆ సంగతి పంచుకోవడానికి ఎవరున్నారా అనుకుంటే అవ్వ గుర్తొచ్చి, మర్నాడే వెళ్లాను.

అవ్వ లోపలి గదిలో పడుకుని ఉంది, బాగా చిక్కిపోయి. కోడలు నన్ను చూసి ఆదరంగా కూర్చోబెట్టి, చిన్న గొంతుతో అంది. "ఎవరినీ గుర్తుపడ్తలేదు. ఫికర్ చెయ్యకు, మాట్లాడు."

నా పేరు చెప్పాను. అవ్వ తల అడ్డంగా ఊపింది. మళ్లీ తనే అంది. "ఎవరి బిడ్డవో గాని, నీకొక ముచ్చట చెప్పాల్నా? నా చిన్నప్పుడు మా బాపు నన్ను సముద్రం కాడికి తోల్కపోయిండు. గాడ చేపలు దుంకినయ్. చేటలంతటియి! అలల మీద మందలకు మందలు. నాకు కనపడ్తలేదని బాపు నన్ను బుజాల మీదికి ఎత్తుకున్నడు."

నాన్న నన్ను ఎత్తుకోలేదు. ఎత్తుకున్నట్టు నేనెప్పుడూ చెప్పలేదు కూడా. అవ్వ పుట్టి పెరిగింది ఆ ఊళ్లోనే, కార్వాన్‌లో. జన్మలో సముద్రం చూడలేదు.

"నువ్వెన్నడన్న చూసినవా బిడ్డా?" అని అడిగింది.

చూశానని నోటిదాకా వచ్చింది. ఆ మొహంలో సంబరం చూసి అనలేకపోయాను.

"లేదవ్వా. చెప్పు," అన్నాను.

ఆమె చెప్తూ ఉంటే, కోడలు తెచ్చిన చాయ్ చల్లారిపోయేదాకా అలా వింటూ కూర్చున్నాను.