పప్పు అడిగితే పప్పీ వచ్చింది

ఒకే ఒక్క అంకె మార్చి నిక్షేపంలాంటి కిరాణా కొట్టు పరువు తీయడం ఎలాగో తెలుసుకోవాలనుందా? అయితే కుర్చీ కాస్త దగ్గరికి లాక్కోండి. ఆ ఘనకార్యం నేను స్వయంగా చేశాను, అదీ యజమానురాలి కళ్లెదుటే.

అప్పటికి అమెరికాలో ఇర్వింగ్ అనే ఊళ్లో ఓ చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో కొత్తగా చేరాను. సరోజ ఆంటీ అని అక్కడో పెద్ద స్టోర్ నడిపేవారు. మన సరుకులతో పాటు డబ్బా చేపలు, కుక్కల తిండి కూడా దొరికే కొట్టు అది. ఆ కొట్టు వెబ్‌సైట్‌కి సెర్చ్ పెట్టే పనిని మా టీమ్ లీడ్ వసంత గారు నాకు అప్పగించారు. డెమో నచ్చితేనే కాంట్రాక్ట్.

సెర్చ్ కోసం రెడీమేడ్ లైబ్రరీ, అంటే ఎవరో ముందే రాసిపెట్టిన ప్రోగ్రామ్, ఉంటుంది. సరుకుల పేర్లన్నీ ముందే చదివి పెట్టుకుని, అడగ్గానే తెచ్చిస్తుంది. స్పెల్లింగ్ తప్పు కొడితే ఎన్ని అక్షరాల వరకు క్షమించాలో మనమే చెప్పవచ్చు. ఒకటి అని ఉన్నదాన్ని నేను రెండు చేశాను. క్షమాగుణం ఎంత ఎక్కువుంటే అంత మంచిది కదండీ! పిజ్జా, పాస్తా, బనానా తప్పుగా కొట్టి చూశాను. అన్నీ దొరికాయి. కాలర్ ఎగరేశాను.

డెమోలో ఆంటీ కళ్లజోడు సర్దుకుని, ఇంగ్లిష్ అక్షరాల్లో 'పప్పు' అని కొట్టారు. స్క్రీన్ నిండా కుక్కపిల్లల తిండి!

"ఏంటి బాబూ ఇది?"

"డేటా పాతదై ఉంటుంది ఆంటీ, ఒక్క నిమిషం రిఫ్రెష్ చేస్తాను" అన్నాను, సర్జన్‌లా ముఖం పెట్టి.

చేశాను. ఆవిడ ఈసారి 'ఉప్పు' కొట్టారు. మళ్లీ ప్యాకెట్ మీద అదే కుక్కపిల్ల, అదే నాలుక బయటపెట్టి.

"మీ కంప్యూటర్‌కి కుక్కలంటే ఇష్టంలా ఉందే! పోనీ, నూనె చూద్దాం."

నూనెకి టూనా చేప వచ్చింది.

"శుక్రవారం పూట చేపేంటి నాయనా!" అని ఆంటీ కుర్చీ వెనక్కి జరిపారు. నేను మాత్రం కుర్చీతో సహా భూమిలోకి జరుగుదామని చూస్తున్నాను.

వసంత గారు నవ్వలేదు, విసుక్కోలేదు. "మా టీమ్ పొరపాటు ఆంటీ, కాఫీ తాగేలోపు సరిచేస్తాం" అని నా లాప్‌టాప్ తీసుకున్నారు. ఏ ఫలితం ఎందుకు వచ్చిందో చెప్పమని లైబ్రరీనే అడిగారు. అలా అడగవచ్చని నాకు అప్పుడే తెలిసింది!

"చూడు గౌతమ్, ఇక్కడ పేర్లన్నీ ఇంగ్లిష్‌లో ఉన్నాయి. దాల్ ఉంది, పప్పు అనే మాటే లేదు. ఇంగ్లిష్ స్పెల్లింగ్‌లో పప్పుకి రెండక్షరాలు మారిస్తే పప్పీ. ఉప్పు ముందు 'పి' తగిలించి, చివరక్షరం మార్చినా పప్పీనే. నూనె టూనా అయిందీ అలాగే. రెండక్షరాలు క్షమించమని చెప్పిందెవరు?"

"నేనే."

"లైబ్రరీ పాపం నీ మాట జవదాటలేదు."

పప్పంటే దాల్, ఉప్పంటే సాల్ట్, నూనెంటే ఆయిల్ అని పర్యాయపదాలు చేర్చారు. పొట్టి మాటలకు క్షమాభిక్ష తీసేశారు. అంతా తిరిగి లోడ్ చేశారు. ఆంటీ కప్పులో కాఫీ ఇంకా సగం ఉంది. పప్పు కొడితే కందిపప్పు బంగారంలా మెరిసింది. ఎదుటివాడి పరువు పోకుండా వాడి తప్పు దిద్దడం ఏ లైబ్రరీలోనూ దొరకని విద్య. ఆ రోజు నుంచి నేను వసంత గారి ఏకలవ్య శిష్యుణ్ణి.

కాంట్రాక్ట్ వచ్చింది. ఆంటీ మాత్రం నన్ను వదల్లేదు.

"బాబూ, ఇంట్లో వంట చేసుకుంటావా?"

"లేదాంటీ, ఎక్కువగా బయటే."

"అదీ సంగతి! టెస్ట్ చేయడానికి పప్పు ఎలా గుర్తొస్తుంది మరి?" అంటూ కందిపప్పు, ఉప్పు, నూనె ఓ సంచిలో వేసి నా చేతిలో పెట్టారు.

ఆ సంచి సాక్షిగా ప్రమాణం చేశాను: నా చేత్తో తాలింపు వేయని ఏ పదార్థానికీ ఈ జన్మలో సెర్చ్ రాయను.