బంద్ రోజు బయటికెళ్లిన స్పోర్ట్స్ కారు

నాకు అనుమానం ఎక్కువ. పాలు పోస్తుంటే గిన్నెలోకి తొంగిచూసే రకాన్ని. అలాంటి నేను, ఏళ్ల తరబడి వెతికి కొనుక్కున్న రెండు తలుపుల పాత స్పోర్ట్స్ కారును ఎల్బీ నగర్‌లో ఒక మెకానిక్ ఉస్తాద్ షెడ్డులో వదిలాను. చెన్నై దగ్గర రేసు ట్రాక్ మీద దాన్ని నడపాలని నా పిచ్చి.

ఉస్తాద్‌ది నల్గొండ పక్క పల్లె. మేము గుంటూరు నుంచి వచ్చి వనస్థలిపురంలో స్థిరపడ్డవాళ్లం. తెలంగాణ ఉద్యమం జోరు మీదున్న రోజులవి.

వెళ్లినప్పుడల్లా కారులో ఏదో ఒకటి తగ్గేది. వెనక సీటు, కార్పెట్, బంపర్లు అన్నీ పోయాయి.

"ట్రాక్ మీద బరువెందుకు సార్? తేలికుంటేనే మలుపుల నిలబడ్తది," అనేవాడు.

నిజమే కావచ్చు. నా భయమంతా కార్బురేటర్ల గురించి. ఆ జత మళ్లీ దొరకదు. వాటిని అమ్మేశాడేమోనని దిల్‌సుఖ్‌నగర్ పాతసామాన్ల దుకాణాల్లో రెండు ఆదివారాలు వెతికాను కూడా. సిగ్గు విడిచి చెబుతున్నాను.

ఒక బంద్ రోజు సందుల్లోంచి స్కూటర్ మీద షెడ్డుకెళితే కారు లేదు. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"నాదర్‌గుల్ దిక్కు తీస్కపోయిండు బిడ్డా. పొద్దుగాల్నే నంబర్ ప్లేటుకు రంగేసిండు," అంది పక్కింటి ముసలామె.

ఇంకేముంది, అమ్మేశాడు! ఒళ్లు మండిపోతూ నాదర్‌గుల్ దాకా వెళ్లాను. విమానాలు నడపడం నేర్పే మైదానం పక్క రోడ్డు మీద నా కారు ఎదురొచ్చింది. ప్లేటు మీద ఏపీ బదులు టీజీ ఉంది.

"ఎవడికి అమ్ముతున్నావ్? నంబరెందుకు మార్చావ్?" అని అరిచాను.

ఉస్తాద్ నెమ్మదిగా దిగాడు. "నంబర్ గదే ఉంది సార్. టీజీ రాస్తే అద్దాలు పలగ్గొట్టరు. బ్రేకులు సూడాల్నంటే గిట్ల ఖాళీ రోడ్డు బంద్ నాడే దొరుకుతది. మీ పాణం గా బ్రేకుల మీదనే గదా."

అప్పుడైనా బుద్ధి రావాలా? నా కళ్లు బానెట్ వైపే పోయాయి. అతను చూశాడు. బానెట్ ఎత్తాడు. కార్బురేటర్లు రెండూ శుభ్రంగా తుడిచి ఉన్నాయి.

తప్పయిందన్నాను. కారు తాళం నా చేతిలో పెట్టి స్కూటర్ తాళం తీసుకున్నాడు.

"స్కూటర్ షెడ్డుల పెడ్త, తీస్కపోండ్రి. కారు మాత్రం మళ్ల నా కాడికి తేకుండ్రి సార్. మీరు నన్ను నమ్మకుంటె, నేను జేసిన బ్రేకుల్ని ఎట్ల నమ్ముతరు?"

వెళ్తూ మలుపులో గట్టిగా బ్రేకు తొక్కాను. కారు ఇటూ అటూ లాగకుండా ఆగింది. అక్కడే కూర్చుని ఏడ్చాను.