నా పేరులో సున్న

రేపల్లెలో పంక్చరు షాపు ముందు నిలబడ్డాను. షాపతను ట్యూబును నీళ్ల బేసిన్‌లో ముంచగానే బుడబుడమని బుడగలు లేచాయి. తడి రబ్బరు వాసన! అంతే, మళ్లీ నీటి అడుగున ఉన్నట్టే: నోట్లో గొట్టం, ముఖానికి మాస్కు, ఎదురుగా మాస్టారి చెయ్యి.

మీరు ఆయన్ని చూడలేదు. ఓడల అడుగున మరమ్మతులు చేసి రిటైరైన మనిషి. తెనాలిలో నేను ఊడ్చి శుభ్రం చేసే ఈతకొలనులోనే, వీపున గాలి సిలిండరు కట్టుకుని నీటి అడుగున మసలడం నేర్పేవారు. నాకప్పుడు యాభై రెండేళ్లు. అక్షరాలు నేర్చి ఏడాది కాలేదు. కాలవ గట్టున పుట్టాను కాబట్టి ఈత వచ్చు. సముద్రాన్ని మాత్రం ఎప్పుడూ ఒడ్డునుంచే చూశాను. ఒక్కసారైనా లోపలికి దిగాలి. ఒకరోజు చీపురు పక్కన పెట్టి, “నాకూ నేర్పుతారా మాస్టారూ?” అని అడిగేశాను. ఆయన నవ్వలేదు. ఫారం చేతికిచ్చారు. చెమటలు కక్కుతూ పేరు రాశాను.

“నాచారమ్మ ఎవరు చెల్లెమ్మా? సున్న మింగేశావే!” అన్నారు. నేను నాలిక కరుచుకుని ‘నా’ పక్కన సున్న చుట్టాను. “అంతేకాదు, రాసినంతసేపూ ఊపిరి బిగబట్టావు. నీళ్లలో అలా చేస్తే ప్రమాదం. గాలి వస్తూ పోతూ ఉండాలి.”

మొదటిరోజు నీటి అడుగున ‘ఎలా ఉంది?’ అన్నట్టు చెయ్యి ఊపారు. బ్రహ్మాండం అని బొటనవేలు చూపించాను. వెంటనే పైకి తీసుకొచ్చారు. మళ్లీ దిగాం, మళ్లీ అంతే.

“ఏంటండీ, బాగుందంటుంటే పైకి తెస్తారు?”

“బొటనవేలు చూపిస్తే పైకి పోదామని. ఇన్నేళ్లు వేలిముద్రలు వేసింది చాల్లేదా? బాగుంటే బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్న చుట్టు.”

“సున్నా వస్తే తప్పినట్టు కదండీ?”

“అది బళ్లో. నీళ్లలో అదే పాసు!”

అసలు పరీక్ష మాస్కుది. నీటి అడుగున తీసి, మళ్లీ పెట్టుకుని, ముక్కుతో గాలి ఊది లోపలి నీళ్లు తోసెయ్యాలి. కంగారుపడకుండా చేసినవాళ్లకే బాపట్ల సముద్రం. నాకు ముక్కులోకి నీళ్లెక్కి ఎగిరి పైకొచ్చాను. “ఆంటీ, రాకెట్టండీ మీరు!” అంది నాతో నేర్చుకునే కాలేజీ పిల్ల.

ఆ రోజునుంచి ఇంట్లో బకెట్టే నా సముద్రం. ముఖం ముంచి, అక్షరాలు నేర్చినప్పుడు పలికినట్టే మనసులో ‘కా’ అని దీర్ఘం తీస్తూ బుడగలు వదిలేదాన్ని. ఊడుస్తున్నా అదే, అన్నం వారుస్తున్నా అదే. పన్నెండో రోజుకి మాస్కు నా మాట విన్నది.

బాపట్లలో పడవ మీంచి సముద్రంలోకి దిగి, తాడు పట్టుకుని లోపలికి వెళ్లాం. నీళ్లు కుడితిలా ఉన్నాయి. చెయ్యి చాపితే వేళ్లు కనపడవు. ఇంతలో ఎవరి కాలో తగిలి నా మాస్కు పక్కకి జరిగింది, నీళ్లు నిండిపోయాయి. బొటనవేలు దానంతటదే లేచింది. పైకి పోతే? మళ్లీ ఒడ్డునుంచి చూడటమేగా. ‘కా...’ అనుకున్నాను. మాస్కు సర్దుకుని ముక్కుతో ఊదాను. నీళ్లు పోయాయి. ఎదురుగా, జానెడు దూరంలో మాస్టారి సున్న. నేనూ చుట్టాను. మా రెండు చేతుల మధ్యనుంచి చిన్న చేపల గుంపు తళుక్కుమని దూసుకుపోయింది!

ఇప్పటికీ ఎక్కడ సంతకం పెట్టాలన్నా ముందు ఊపిరి వదులుతాను. తర్వాతే పేరు, సున్నతో సహా.

షాపతను ప్యాచ్ వేసిన ట్యూబును మళ్లీ నీళ్లలో ముంచాడు. ఒక్క బుడగ రాలేదు. “ఎలా వేశాను పిన్నీ?” అన్నాడు. నా వేళ్లు వాటంతటవే సున్న చుట్టాయి.

“సున్నానా? అంత దరిద్రంగా ఉందా?”

“ఇంతకన్నా పెద్ద మార్కు లేదు నాయనా!” అన్నాను.